ఊరికే వెళ్తున్నాను

మన ప్రాంతంలో ఆడది ఇల్లు కదలాలంటే ఒక పని ఉండాలి. ఆ పని తనది కాకూడదు కూడా. కూతురి పురుడు, అత్తగారి కంటి ఆపరేషను, మరిది కొడుకు పెళ్ళి, తిరుపతి మొక్కు. వీటిలో ఏ ఒక్కటి చెప్పినా ఎవరూ అడ్డం చెప్పరు. పైగా సంచీ మోసుకొచ్చి బస్సెక్కిస్తారు. "ఊరికే వెళ్తున్నాను, చూసొద్దామని" అంటే మాత్రం వీధి వీధంతా ఆగి చూస్తుంది. మగవాడు "ఊరికే అలా వెళ్ళొస్తా" అని చెప్పులు తొడుక్కుంటే ఎక్కడికని అడిగేవాళ్ళుండరు. "ఊరికే" అన్న మాట మగవాడి నోట్లో తీరిక అవుతుంది, ఆడదాని నోట్లో అనుమానం అవుతుంది.

నాకు అరవై మూడేళ్ళు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. తెనాలిలో ఉంటాను. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. రెండేళ్ళ కిందట పేపర్లో ఒక వార్త చదివాను. క్వీన్ మేరీ 2 అనే పెద్ద విహార నౌక మీద క్యూనార్డ్ కంపెనీ వాళ్ళు, ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ సాహిత్యోత్సవం వాళ్ళతో కలిసి, సాహిత్య యాత్రలు నడుపుతారట. పగలంతా సముద్రం మీద రచయితల ప్రసంగాలు, చర్చలు, ఓడలోనే వేల పుస్తకాల గ్రంథాలయం. జీవితమంతా పుస్తకాల గురించి ఇతరుల పిల్లలకి చెప్పినదాన్ని. ఒక వారం నాకోసం పుస్తకాల మధ్య, నీళ్ళ మధ్య గడపాలనిపించింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత అలాగే ఉంది. వెళ్ళి ఒక ట్రావెల్ ఏజెంటుని కనుక్కున్నాను.

ఆ అబ్బాయి మర్యాదస్తుడే. మొదటి ప్రశ్న, "సార్ కూడా వస్తారా మేడమ్?" సార్ లేరన్నాను. "అయితే బాబుగారూ, కోడలుగారూ?" వాళ్ళూ రారు, నేనొక్కదాన్నే అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఓడలో గది ధర ఇద్దరు మనుషుల లెక్కన కడతారు. ఒక్కరే వెళ్తే రెండో మనిషి సొమ్ములో చాలా భాగం, ఒక్కోసారి మొత్తం, ఆ ఒక్కరే కట్టాలి. దానికి సింగిల్ సప్లిమెంట్ అని పేరు. ఈ లెక్క మగవాళ్ళకీ వర్తిస్తుంది, కాదనను. కానీ భర్తపోయిన స్త్రీలూ, పెళ్ళి చేసుకోని స్త్రీలూ, విడిపోయిన స్త్రీలూ ఈ లోకంలో ఎంతమంది! రాని మొగుడికి కూడా టిక్కెట్టు కొనాలన్నమాట. ఆ క్వీన్ మేరీ 2లోనే 2016లో మార్పులు చేసినప్పుడు ఒంటరి ప్రయాణికుల కోసం 15 గదులు కొత్తగా చేర్చారు. రెండు వేల మందికి పైగా ఎక్కే ఓడలో 15 గదులు!

ఇక్కడ మన పత్రిక పాఠకుల్లో కొందరు నొసలు చిట్లిస్తారని తెలుసు. లక్షలు పోసి ఓడెక్కే సరదాకీ స్త్రీల హక్కులకీ ఏమిటి సంబంధం, కూలి దొరక్క ఆడవాళ్ళు అల్లాడుతుంటే ఇదొక సమస్యా, అంటారు. అడగవలసిన ప్రశ్నే. నేను ఓడ గురించి రాయడం లేదు. ఆ ఏజెంటు అడిగిన మొదటి ప్రశ్న గురించి రాస్తున్నాను. ఆ ప్రశ్న అద్దాల ఆఫీసులో ఒక రకంగా, పాసింజరు రైల్లో ఒక రకంగా, లాడ్జి బల్ల దగ్గర ఇంకొక రకంగా వినపడుతుంది. డబ్బులేని ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అది ప్రశ్నగా కూడా ఉండదు.

పనికోసం అయితే మన సమాజం ఆడదాన్ని సముద్రం దాటించడానికి ఏమాత్రం వెనకాడదు. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఎన్ని వేలమంది స్త్రీలు ఇంటిపని కోసం కువైట్‌కీ తక్కిన గల్ఫ్ దేశాలకీ ఒంటరిగా వెళ్ళారు! పిల్లల్ని తల్లికి అప్పగించి, భాష రాని దేశంలో, ముక్కూ మొహం తెలియని ఇంట్లో పనిచెయ్యడానికి ఒక్కతే విమానం ఎక్కితే "తోడెవరు?" అని అడిగిన బంధువులు తక్కువ. ఆమె పంపే డబ్బుతో ఇల్లు లేస్తుంది కదా. ఒంటరి ప్రయాణం ప్రమాదమని నిజంగా నమ్మేవాళ్ళైతే ముందు అక్కడ భయపడాలి. నిజానికి అభ్యంతరం ప్రయాణం మీద కాదు, ఆడది తన సంతోషం కోసం చేసే ప్రయాణం మీద.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చెప్పిందా అని ఆలోచించాను. మాది "ఆంధ్రా ప్యారిస్" అని గొప్పలు పోయే ఊరు. చలం చిన్నతనం గడిచిన ఊరు, 1909లో కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు. ఓల్గా 1973 నుంచి 1986 దాకా ఇక్కడి కాలేజీలో తెలుగు చెప్పారు. స్త్రీ స్వేచ్ఛ గురించి ఇంత రాసిన, ఇంత మాట్లాడిన ఊరు ఇంకొకటి ఉండదేమో. అయినా "మైదానం"లో రాజేశ్వరి ఇల్లు వదిలి వెళ్ళేది అమీర్ వెంట. ఒక మగవాడి ఇంట్లోంచి ఇంకొక మగవాడి దగ్గరికి. చలాన్ని తప్పుపట్టడం లేదు, ఆ కాలానికి అదే పెద్ద పిడుగు. గడప దాటిన స్త్రీని ఊహించగలిగిన మనం, ఒక్కతే కూర్చుని సముద్రాన్ని చూసే స్త్రీని ఊహించడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో, 1870లలో, పోతం జానకమ్మ అనే తెలుగావిడ ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళింది. చూసినవి రాసింది. ఆమె పుస్తకం "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" 1876లో మద్రాసులో అచ్చయింది. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆమె పేరు తగల్లేదు.

ఓడ ఆలోచన అప్పటికి పక్కనపెట్టి, ముందు నా చుట్టుపక్కల సాహిత్య యాత్ర ఒక్కదాన్నే చేద్దామనుకున్నాను. తెనాలి నుంచి రేపల్లె, అక్కడినుంచి బాపట్ల, సూర్యలంక, తిరిగి ఇంటికి. రెండు రోజులు. చేతిలో ఒక సంచీ, అందులో మూడు పుస్తకాలు. మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కయ్యా, కారు పంపిస్తా, డ్రైవరు మనవాడే" అన్నాడు. వద్దన్నాను. ఎదురింటి ఆవిడ, "ఏం వదినగారూ, రేపల్లెలో ఎవరున్నారు మీకు?" అంది. ఎవరూ లేరన్నాను. నమ్మలేదు.

ఆ మూడు పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. బాపట్లలో 1896లో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ "గృహలక్ష్మి" పత్రికలో ఏళ్ళ తరబడి "శారద లేఖలు" రాశారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసినట్టుగా ఉండే ఉత్తరాలు. బాల్యవివాహాలూ, శారదా చట్టం, ఖద్దరూ, ఆడవాళ్ళ చదువూ అన్నీ ఉంటాయి వాటిలో. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టింది ఆవిడే. ఇంకొక శారద తెనాలి వాడు. అసలు పేరు నటరాజన్. అరవదేశం నుంచి కుర్రవాడిగా వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, "మంచీ చెడూ", "ఏది సత్యం" వంటి నవలలు రాసి 1955లో చిన్న వయసులోనే పోయాడు. మూడో శారద కథలో మనిషి. తెనాలి పక్కనే ఉన్న కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి రాసిన "ఇల్లలకగానే"లో, ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు పేరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. చివరికి పాత స్నేహితురాలొకామె గుర్తుపట్టి పిలిచేదాకా తను శారదనని ఆమెకి తెలియదు.

తెనాలి నుంచి రేపల్లెకి రైలు దారి ముప్ఫై నాలుగు కిలోమీటర్లే. వేమూరు, భట్టిప్రోలు మీదుగా వరిచేల మధ్య నింపాదిగా పోతుంది. నటరాజన్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. కటిక పేదవాడు, కష్టపడి చచ్చిపోయాడు, అతని మీద నాకు అసూయ ఎందుకుంటుంది? కానీ అతనికి హోటల్ బల్లల దగ్గర ఊరి మాటలన్నీ చెవినపడ్డాయి. అర్ధరాత్రి పని ముగించుకుని వీధిలో నడిచే వీలుంది. ఆ శారద నవలల్లో ఊరంతా ఉండటానికి అది కూడా ఒక కారణమే. అంత పేదరికంలో ఉన్న ఆడమనిషికి ఆ హోటల్ బల్లా, ఆ అర్ధరాత్రి వీధీ దొరికేవా? ఒక స్త్రీ ఊరిని చూసి రాయాలంటే ముందు ఊళ్ళో ఒక్కతే తిరగగలగాలి. సాహిత్యానికీ తిరిగే హక్కుకీ ఉన్న సంబంధం ఇంత మామూలుది.

రేపల్లె స్టేషన్లో దిగి ప్లాట్‌ఫారం మీద కాసేపు కూర్చున్నాను. 2022 మే 1 తెల్లవారుజామున ఈ స్టేషన్లో ఏం జరిగిందో మన పాఠకులెవరూ మరిచిపోయి ఉండరు. కూలిపనికి వెళ్తున్న ఒక కుటుంబం రాత్రి రైలు దిగి, ముందుకు పోవడానికి బస్సులేక ప్లాట్‌ఫారం మీదే పడుకుంది. భర్తని కొట్టి, ఆమెని ఈడ్చుకుపోయి అత్యాచారం చేశారు. ఆమె ఒంటరిగా లేదు. పక్కన మొగుడున్నాడు, పిల్లలున్నారు. ఊరికే తిరగడానికి రాలేదు, పనికి పోతోంది. "ఒంటరిగా వెళ్ళకు, తోడు తీసుకెళ్ళు, పనుంటేనే కదులు" అని మనకి పుట్టినప్పటినుంచీ చెప్పే నియమాలన్నీ ఆమె పాటించింది. ఆ నియమాలు ఆమెని కాపాడలేదు. కాపాడవలసినవి వేరే. రాత్రి తెరిచి ఉండే ఆడవాళ్ళ వెయిటింగ్ రూము, వెలిగే దీపం, డ్యూటీలో ఉన్న పోలీసు, రైలు వేళకి కలిసే బస్సు. వాటికి డబ్బు ఖర్చవుతుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. "తోడు తీసుకెళ్ళు" అనడానికి పైసా ఖర్చులేదు, జవాబుదారీ కూడా ఆ ఆడమనిషి మీదికే పోతుంది. 2020లో దిశ యాప్ అన్నారు, 2025లో శక్తి యాప్ అన్నారు. మంచివే. ఫోను తలకింద పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిద్రపోయే మనిషికి అవి ఏపాటి అక్కరకొస్తాయి?

రేపల్లె నుంచి బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. దీని మీద ఎన్ని వెటకారాలు విన్నానో. "పనీపాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు" అని. ఔను, తిరుగుతున్నారు. ఎన్నాళ్ళకి! నా ముందు సీట్లో ఇద్దరు ముసలమ్మలు, అక్కాచెల్లెళ్ళట, సముద్రం చూడటానికి పోతున్నారు. ఇంత దగ్గర్లో పుట్టి పెరిగి ఇప్పటిదాకా చూడలేదట. కండక్టరు వాళ్ళనీ నన్నూ "ఎక్కడికమ్మా?" అని మాత్రమే అడిగి సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాడు. ఎందుకు అని అడగని మనిషి ఆ రెండు రోజుల్లో అతనొక్కడే.

సూర్యలంకలో సాయంత్రం దాకా కూర్చుని వరలక్ష్మమ్మగారి పుస్తకం చదువుకున్నాను. ఎవరూ నన్నేమీ అనలేదు. ఒకావిడ వచ్చి "తప్పిపోయారా అమ్మమ్మగారూ?" అని అడిగింది, అంతే.

రాత్రికి గది. ఊరి పేరూ లాడ్జి పేరూ అనవసరం, ఎందుకంటే ఇది ఒక లాడ్జి సంగతి కాదు. బల్ల దగ్గర గుమాస్తా నా ఆధార్ కార్డు తిప్పి తిప్పి చూసి, "ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వొద్దని ఓనరుగారు చెప్పారండీ. మగవాళ్ళెవరైనా ఉంటే..." అన్నాడు. నా వయసు చూడు నాయనా అన్నాను. "అదేనండీ, ఏదన్నా అయితే మాకు ఇబ్బంది" అన్నాడు. అంటే నేను పడుచుదాన్నైతే ఒక అనుమానం, ముసలిదాన్నైతే ఇంకొక అనుమానం. రెండో లాడ్జిలో గది ఇచ్చారు, మా అబ్బాయి ఫోన్ నంబరు తీసుకుని, అతనితో మాట్లాడాక. నలభై ఏళ్ళు జీతం తెచ్చి ఆ అబ్బాయిని చదివించిన మనిషికి అబ్బాయి హామీ కావలసి వచ్చింది.

రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చదవండి. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు వీటిలోకి వెళ్ళడానికి మతం, కులం వంటి కారణాలతో పాటు స్త్రీ పురుష భేదం కారణంగా కూడా ఏ పౌరుడికీ, పౌరురాలికీ అడ్డు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కునిచ్చింది. తోడుంటేనే అని అందులో ఎక్కడా లేదు. కులం పేరుతో గది లేదంటే అది నేరమని ఇవాళ కనీసం పైకి ఒప్పుకుంటారు. ఆడదానివి గనక గది లేదంటే అది "జాగ్రత్త" అవుతోంది. ప్రపంచంలో చాలాచోట్ల ఈ గోడలు కొంచెం కొంచెంగా కదులుతున్నాయి. 2018 నుంచి మన దేశంలో నలభై అయిదేళ్ళు దాటిన ముస్లిం స్త్రీలు మగతోడు లేకుండా బృందంగా హజ్‌కి వెళ్ళే వీలొచ్చింది. సౌదీ అరేబియాలో 2019లో ఇరవై ఒక్కేళ్ళు దాటిన స్త్రీలు సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకుని ప్రయాణం చెయ్యవచ్చన్నారు. మన ఊళ్ళో లాడ్జి గుమాస్తాకి మాత్రం ఇంకా ఓనరుగారి మాటే రాజ్యాంగం.

మా సంఘంలో ఈ సంగతి చెప్పినప్పుడు పదకొండు మందిలో ఏడుగురు తమకీ ఇలాగే జరిగిందన్నారు. పరీక్ష రాయడానికి వెళ్ళిన అమ్మాయి, ఆస్పత్రిలో చెల్లెలికి సాయంగా వెళ్ళిన ఆవిడ, భర్తనుంచి విడిపోయి కోర్టు వాయిదాకి వచ్చిన ఆవిడ. అందుకని ఒకటి అనుకున్నాం. వచ్చే రెండు నెలల్లో మాలో ఒక్కొక్కరం ఒక్కొక్క రోజు తెనాలి, రేపల్లె, బాపట్లలో లాడ్జిలకి ఒంటరిగా వెళ్ళి గది అడుగుతాం. ఇచ్చారా, లేదా, ఏమన్నారు, ఎవరి నంబరు అడిగారు, అన్నీ తేదీతో సహా రాసిపెట్టి గుంటూరు, బాపట్ల కలెక్టర్లకి అర్జీ ఇస్తాం. మీ ఊళ్ళో మీకు జరిగింది కూడా ఒక కార్డు మీద రాసి పత్రిక చిరునామాకి పంపండి. పేరు రాయడం ఇష్టం లేకపోతే రాయకండి. తేదీ మాత్రం రాయండి.