సరిహద్దు దాటినా వదలని బాకీ

అమెరికాలో బీమా లేకుండా కారు నడిపితే ఏమవుతుందని అడిగితే చాలామంది జరిమానా అంకె చెబుతారు. న్యూయార్క్‌లోనైతే 150 నుంచి 1500 డాలర్ల వరకు జరిమానా, 15 రోజుల దాకా జైలు, మోటారు వాహనాల శాఖకు విడిగా మరో 750 డాలర్లు. ప్రమాదం కూడా జరిగితే లైసెన్సు కనీసం ఏడాది పోతుంది. ఇవి చిన్న శిక్షలేమీ కావు. అయినా అసలు దెబ్బ తగిలేది సివిల్ కోర్టులో. టెక్సాస్‌లో ఉంటూ సెలవులకు మరో రాష్ట్రం వెళ్లి, అక్కడ ఎవరినో గుద్ది తిరిగొచ్చేస్తే ‘మన రాష్ట్రం కాదుగా, ఇంతదూరం ఎవరొస్తారులే’ అనుకునేవాళ్లు మన కుర్రాళ్లలోనూ ఉన్నారు. ఆ ధీమాకు 1927లోనే కాలం చెల్లింది.

పెన్సిల్వేనియాకు చెందిన ఒకాయన మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో కారుతో ఒకరిని గాయపరిచాడు. తానుండేది వేరే రాష్ట్రం కాబట్టి అక్కడి కోర్టుకు తనమీద అధికారం లేదని వాదించాడు. ‘హెస్ వర్సెస్ పావ్‌లోస్కీ’గా పేరుపడ్డ ఈ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బయటి వ్యక్తి తమ రోడ్డు మీద కారు నడిపాడంటే, అక్కడి ప్రమాదంపై దావా పడినప్పుడు అతని తరఫున రాష్ట్ర అధికారి సమన్లు అందుకోవడానికి ఒప్పుకున్నట్టేనన్నది మసాచుసెట్స్ చట్టం. కోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఇదే బాట పట్టాయి. దేశంలో మొట్టమొదట వాహన బీమాను తప్పనిసరి చేసిన రాష్ట్రం కూడా మసాచుసెట్సే, అదీ 1927లోనే.

సమన్లు వచ్చినా పట్టించుకోకపోతే ఏకపక్షంగా డిక్రీ అవుతుంది. ఒక రాష్ట్రం కోర్టు తీర్పును మరో రాష్ట్రం మన్నించి తీరాలని రాజ్యాంగం నాలుగో అధికరణం చెబుతోంది. అందుకే ఆ డిక్రీని ముద్దాయి ఉండే రాష్ట్రంలో నమోదు చేయించి, అక్కడే వసూలుకు దిగవచ్చు. న్యూయార్క్ డిక్రీకి 20 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. అంటే ఎం.ఎస్. విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన ప్రమాదం, ఉద్యోగమొచ్చి ఇల్లు కొనేనాటికి ఎదురుపడవచ్చు. చాలాచోట్ల జీతంలోనూ కోత పెడతారు. ఖర్చులకు మిగిలే జీతంలో 25 శాతానికి మించకూడదన్నది సమాఖ్య చట్టం పెట్టిన హద్దు. టెక్సాస్‌లో ఇలాంటి అప్పులకు జీతం ముట్టుకోనివ్వరు. కానీ ఉద్యోగం న్యూజెర్సీకి మారితే ఆ రక్షణ వెంట రాదు.

దివాలా పిటిషన్‌తో మామూలు నిర్లక్ష్యం వల్ల పడిన బాకీ రద్దు కావచ్చు. తాగి నడిపి మనిషిని గాయపరిస్తేనో, చంపితేనో దివాలా తీసినా ఆ బాకీ పోదు. ఇండియాకు తిరిగొచ్చేస్తే సరిపోతుందా? మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద అమెరికా గుర్తింపు పొందిన దేశం కాదు. అందువల్ల అక్కడి తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయించలేరు. దాని ఆధారంగా మూడేళ్లలోపు ఇక్కడ కొత్తగా దావా వేయాలి, ఏకపక్ష తీర్పు ఆ దావాలో నిలవడమూ కష్టం. ఇది నిజమే. అయితే డాలర్ జీతం కోసం లక్షల అప్పు చేసి వెళ్లినవాడికి ఇది ఎంతవరకు ఊరట?

బీమా లేనంత మాత్రాన ప్రమాదంలో తప్పు మనదేనని ఎవరూ తేల్చరు. కానీ తప్పు ఎదుటివాడిదైనా నష్టపోయేది మనమే కావచ్చు. కాలిఫోర్నియాలో 1996 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో వచ్చిన చట్టం ప్రకారం, బీమా లేని డ్రైవరుకు ఆస్పత్రి ఖర్చులు, జీతనష్టం వంటివి దక్కుతాయే తప్ప అనుభవించిన బాధకు పరిహారం దక్కదు. న్యూజెర్సీ మరీ కఠినం. బీమా లేని కారు యజమానికి అక్కడ దావా వేసే హక్కే ఉండదు.

ఇంత పకడ్బందీ వ్యవస్థలోనూ పెద్ద లొసుగు ఉంది. ముద్దాయిని పట్టుకోవడంలో చూపిన తెలివి, బాధితుడి చేతికి డబ్బు అందించడంలో కనిపించదు. ఫ్లోరిడాలో మామూలు కారు యజమాని ఎదుటి మనిషి గాయాలకు బీమా తీసుకోవాలన్న నిబంధనే లేదు. న్యూహాంప్‌షైర్‌లో బీమాయే తప్పనిసరి కాదు. టెక్సాస్‌లో కనీస పాలసీ ఒక మనిషికి 30,000 డాలర్లు. అక్కడి ఆస్పత్రి బిల్లులు చూసినవారికి ఆ మొత్తం ఎంతవరకు వస్తుందో చెప్పనక్కర్లేదు. 2022లో దేశవ్యాప్తంగా దాదాపు ఏడుగురు డ్రైవర్లలో ఒకరికి బీమా లేదని బీమా పరిశోధన మండలి అంచనా వేసింది. జేబులో ఏమీ లేనివాడి మీద డిక్రీ తెచ్చుకుంటే బాధితుడికి మిగిలేది కాగితమే. కనీస మొత్తాలు పెంచకుండా జరిమానాలు పెంచుకుంటూపోయే చట్టసభలదే ఇందులో ఎక్కువ తప్పు.

మన విద్యార్థులు చిక్కుకునే మార్గాలు వేరు. నలుగురు రూమ్మేట్లు కలిసి పాత కారు కొంటారు, పాలసీలో ఒక్కరి పేరే రాయిస్తారు, నలుగురూ నడుపుతారు. ఒకే ఇంట్లో ఉంటూ రోజూ నడిపేవారి పేర్లు దాచారని తేలితే కంపెనీ క్లెయిము తిరస్కరించే ప్రమాదముంది. విహారయాత్రకు కారు అద్దెకు తీసుకుని, ఒప్పందంలో పేరు లేనివాడికి స్టీరింగ్ ఇవ్వడం ఇంకో అలవాటు. కారు అద్దెకిచ్చిన సంస్థ తన నిర్లక్ష్యం లేనప్పుడు డ్రైవరు తప్పుకు బాధ్యురాలు కాదని 2005 నాటి గ్రేవ్స్ సవరణ తేల్చేసింది. అప్పుడు దావాకు నడిపినవాడే నేరుగా గురి అవుతాడు. ప్రీమియంలో మిగుల్చుకునే డబ్బుతో పోలిస్తే ఈ జూదం ఏ లెక్కనా గిట్టుబాటు కాదు.

అమెరికాలోని తెలుగు సంఘాలు విద్యార్థుల అవగాహన సదస్సుల్లో వీసా నిబంధనలతో పాటు దీనికీ ఒక గంట కేటాయించాలి. కారు కొన్నానని అమ్మాయో, అబ్బాయో ఫోన్ చేసినప్పుడు తల్లిదండ్రులు రెండు విషయాలు అడగండి: నడిపేవాళ్లందరి పేర్లూ పాలసీలో ఉన్నాయా? బీమా లేనివాడు గుద్దితే మనకు డబ్బిచ్చే కవరేజీ తీసుకున్నారా?