అందరికీ ఒకే గ్లాసు

చిన్న హోటళ్లు, టీ కొట్లు, తోపుడుబండ్లు పర్యావరణ హితంగా మారాలని ప్రభుత్వాలు కోరుతున్నాయి. కోరిక సమంజసమే. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఇప్పుడు కొట్ల ముందు కాగితపు కప్పులు గుట్టలు పడుతున్నాయి. టీ కారిపోకుండా ఆ కప్పుల లోపల పూసేది కూడా సాధారణంగా ప్లాస్టిక్ పొరే. వస్తువు మారింది, వాడి పారేసే అలవాటు మారలేదు.

నిజానికి టీ కొట్టుకు అన్నింటికంటే మేలైన పాత్ర ఏనాటినుంచో ఉన్నదే. అది కడిగి మళ్లీ వాడుకునే గాజు గ్లాసు. మరి అది ఎందుకు వెనక్కిపోయింది? కడగడానికి నీళ్లు, మనిషి కావాలన్నది ఒక కారణం. రోగాల భయం మరొకటి. పర్యావరణ సదస్సుల్లో వినిపించని మూడో కారణం కూడా ఉంది. అది ఎంగిలి. ఎవరి ఎంగిలి అన్న ప్రశ్న ఈ సమాజంలో ఏనాడూ కేవలం శుభ్రతకు సంబంధించినది కాదు.

రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. దళితులకు వేరే గ్లాసు. తాగినవారే దాన్ని కడిగి, వేరేచోట పెట్టాలి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్లలో ప్రజల కోసం ఉంచిన పాత్రలను అంటరానితనం కారణంగా వాడుకోనివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. దళిత ఉద్యమాలు ఆ వేరు గ్లాసును నిలదీశాయి. అప్పుడు కొన్నిచోట్ల దొరికిన దొడ్డిదారే పారేసే కప్పు. దళితులకు డిస్పోజబుల్, మిగిలినవారికి గాజు గ్లాసు అన్నది బాహాటమైన వివక్ష. అందరికీ డిస్పోజబుల్ అన్నది సమానత్వంలా కనిపిస్తుంది. కానీ ఒకే గ్లాసును పంచుకోవలసిన సందర్భాన్నే అది తప్పించింది.

పారేసిన కప్పు ఎక్కడికి పోతుంది? తెల్లవారుజామున దాన్ని ఊడ్చేవారిలో, మురుగు కాలువలోంచి చేత్తో తీసేవారిలో అత్యధికులు దళితులే. ఎవరి ఎంగిలి తమకు తగలరాదనుకున్నారో, చివరికి ఊరందరి ఎంగిలినీ వారే ఎత్తుతున్నారు. కనుక పునర్వినియోగం కేవలం చెత్త సమస్య కాదు, కుల సమస్య కూడా.

దీనికి పరిష్కారం బండిదారు మీద జరిమానాలు వేయడం కాదు. రోజు గడవడమే కష్టమైన ఆ వ్యాపారుల్లో ఎక్కువమంది అణగారిన, వెనుకబడిన కులాలవారే. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా విక్రేతల ప్రతినిధులే ఉండాలి, వారిని విక్రేతలే ఎన్నుకోవాలి. ఆ కమిటీలకు నిధులిచ్చి, ప్రతి విక్రయ ప్రాంతంలో కుళాయితో పాటు వేడినీటితో గ్లాసులు, పళ్లేలు కడిగే ఉమ్మడి కేంద్రం నెలకొల్పాలి. రోగాల భయానికి జవాబు అదే. అక్కడ పనిచేసేవారికి కనీస వేతనం, చేతి తొడుగులు, సెలవులు దక్కాలి. కడిగే పని మళ్లీ ఒకే కులం నెత్తిన పడితే ఈ సంస్కరణకు అర్థం లేదు.

కడగడం వీలుకానిచోట మన్యంలో ఆదివాసీలు సేకరించే అడ్డాకుల విస్తళ్లు, కుమ్మరుల మట్టి కప్పులు ఉండనే ఉన్నాయి. వాటిని గిట్టుబాటు ధరకు కొనాలి. అయితే కులవృత్తిని కాపాడే పేరుతో వారి పిల్లలను ఆ ఆకుకూ ఆ సారెకూ కట్టేయరాదు. ఆ పని ఎవరైనా చేయగలిగినప్పుడు, ఎవరైనా మానుకోగలిగినప్పుడే అది వృత్తి అవుతుంది. లేకుంటే అది సంకెలే.

మార్పును విశ్వవిద్యాలయాల క్యాంటీన్ల నుంచి విద్యార్థులే మొదలుపెట్టవచ్చు. కాగితపు కప్పులు వద్దని, కడిగిన గ్లాసులు కావాలని, కడిగేవారికి న్యాయమైన జీతం ఇవ్వాలని అడగడానికి ఏ జీవో అవసరం లేదు. ఇక ఏ హోటల్‌కైనా పర్యావరణ హితమన్న ధ్రువపత్రం ఇచ్చే ముందు అధికారి వేయవలసిన మొదటి ప్రశ్న ఒకటుంది: ఇక్కడ ఎన్ని రకాల గ్లాసులున్నాయి?