రాజ్‌దూత్ 350ని చంపినది ఎవరు?



యాభై ఏళ్ళు దాటినవారు నలుగురు కూడినచోట ఒక పాత మోటారుసైకిలు ప్రస్తావన రాక మానదు. అది రాజ్‌దూత్ 350. దాని శబ్దమును, దాని పరుగును నోరారా వర్ణించి, చివరకు ఒక నిట్టూర్పు విడిచి, "అంతటి బండిని పొగ నిబంధనలు పెట్టి ప్రభుత్వం చంపేసిందండీ" అని ముగిస్తారు. మొన్న సత్తెనపల్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మా బావమరిది కూడ ఇదే మాట అన్నాడు. నేను జీవితమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడిని. కర్త తప్పుగా ఉన్న వాక్యాన్ని దిద్దకుండా వదలడం నాకు చేతకాదు. "ప్రభుత్వం ఆ బండిని చంపింది" అన్న వాక్యంలో క్రియ సరిగానే ఉన్నది. కర్తయే తప్పు.

ముందు సంవత్సరాలు చూడండి. జపానులో యమహావారు 1973లో ఆర్.డి. 350 అనే రెండు సిలిండర్ల బండిని విడుదల చేశారు. 1975 తరువాత వారు దానిని మాని ఇంకొక బండికి పోయారు. మన దేశంలో ఎస్కార్ట్స్‌వారు దానినే రాజ్‌దూత్ 350 అనే పేరుతో 1983లో తెచ్చి 1989 వరకు తయారుచేశారు. మిగిలిన బళ్ళు ఆ తరువాత ఒకటి రెండేళ్ళు అమ్ముడుపోయాయి. పెట్రోలు బళ్ళ పొగకు మన దేశంలో తొలిసారిగా పరిమితులు వచ్చినది 1991లో. అవి గట్టిగా బిగిసినది 1996లో. హత్య 1989లో జరిగితే, 1991లో ఊళ్ళోకి వచ్చినవాడి మీద నేరం మోపడం ఏమి న్యాయం?

ఈ పొరపాటుకు మూలం ఇంకొక బండి. ఆర్.ఎక్స్. 100 అనేది 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. చివరి దాకా దానిని కొనేవారు ఉన్నారు. దానికి మాత్రం పొగ నిబంధనలు నిజంగానే అడ్డు వచ్చాయి. 2018లో అజయ్ భూపతిగారు ఆ బండి పేరు పెట్టి తెలుగులో సినిమా తీసిన తరువాత, ఆ బండిని ఎన్నడూ ఎక్కని కుర్రవాళ్ళకు కూడ దాని మీద మమకారం పుట్టింది. ఒకదాని చావుకారణాన్ని తెచ్చి రెండవదానికి అంటగట్టడం నాటి నుండి మరీ ఎక్కువైనది. ఒకటి అమ్ముడుపోతుండగా ఆగినది, రెండవది అమ్ముడుపోక ఆగినది. ఈ రెంటికీ గల భేదం చిన్నది కాదు.

మరి ఎందుకు అమ్ముడుపోలేదు? అది టూ స్ట్రోక్ ఇంజను. అందులో కాలిన పొగను బయటకు తోసేది కొత్తగా వచ్చిన పెట్రోలు, గాలి మిశ్రమమే. ఆ తోపులాటలో కొంత మిశ్రమం కాలకుండానే గొట్టం గుండా బయటకు పోతుంది. పైగా దానితో పాటు ఆయిలు కూడ కాలాలి. అటువంటి సిలిండర్లు రెండు. ఆ దాహం మరమ్మతుతో పోయేది కాదు, పుట్టుకతో వచ్చినది. ఇంజను వేగం బాగా హెచ్చితే గాని దాని అసలు బలం బయటపడదు. పత్తి బోరేల ఎడ్లబండ్లు, గేదెల మందలు, కల్లాలుగా మారిన తారు రోడ్లు గల ఆనాటి పల్నాటిలో ఆ వేగం హెచ్చించే చోటు ఎక్కడున్నది?

కంపెనీవారిది తప్పు లేదా అంటే, ఉన్నది. జపాను బండికి 39 అశ్వశక్తి ఉంటే, ఇక్కడ దానిని 30.5కు తగ్గించారు. మైలేజీ లేదన్న గోల విని 27 అశ్వశక్తితో ఇంకొక రకం తెచ్చారు. ముందు చక్రానికి ఉండిన డిస్క్ బ్రేకు తీసి డ్రమ్ము బ్రేకు పెట్టారు. వేగం కోరినవాడికి బ్రేకు చాలలేదు, పొదుపు కోరినవాడికి పెట్రోలు చాలలేదు. కాని ఈ మార్పులన్నీ ఎవరిని మెప్పించడానికి చేశారో కూడ ఆలోచించండి. ధర తగ్గాలి, మైలేజీ పెరగాలి అన్నది మనమే గదా!

ఇక మా ఇంటి కథ. మా బావమరిది 1985లో పత్తి డబ్బుతో ఆ బండి కొన్నాడు. ఆ రోజులలో మా ప్రాంతంలో పత్తి తెల్లబంగారం. బండి ఊళ్ళోకి వస్తుంటే బడిపిల్లలు పాఠం వదలి కిటికీల దగ్గరకు పోయేవారు. నేను కోప్పడుతూనే వారి వెనుక నిలబడి చూసేవాడిని. లీటరుకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు వస్తే అతడికి పండుగ. మా ఊరి మెకానిక్కుకు పాత రాజ్‌దూత్ 175 కరతలామలకం, దీని ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక్క సామాను కోసం బండి నెలరోజులు గుంటూరులో పడి ఉన్నది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినివేసింది. అప్పులు తీర్చే దారి లేక రైతులు పురుగుమందు తాగిన కాలమది. ఆ ఏడు మా బావమరిది ఇంట్లో కూర్చుని లెక్క వేసినది నేను. "బండి అమ్మేయరా" అన్నదీ నేనే.

"బావా, ఒక్క పంట చూద్దాం" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. 1988లో అది వెళ్ళిపోయింది. దాని స్థానంలో ఫోర్ స్ట్రోక్ నూరు సీసీ బండి వచ్చింది. 1984 నుండి 1986 లోపల ఇండ్ సుజుకి, హీరో హోండా, ఆర్.ఎక్స్. 100, కవాసాకి బజాజ్ అని నూరు సీసీ బళ్ళు వరుసగా దిగాయి గదా! మేము కొన్నది రాజ్‌దూత్ 350కి రెండింతలకు పైగా మైలేజీ ఇచ్చేది, పాలక్యాను కట్టినా యూరియా బస్తా వేసినా మారు పలికేది కాదు. అతడు కొత్త బండిని ఒక్కనాడు తిట్టలేదు, పొగడలేదు. ఇన్నేళ్ళ తరువాత కూడ అతడికి కలలోకి వచ్చేది మాత్రం పాతదే. అమ్మించినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ ఏడు అది తప్పనిసరి. కాని అమ్మినది మేమని ఒప్పుకోకుండా నెపం ఢిల్లీ మీద పెట్టడం నాకు సమ్మతం కాదు.

"బుల్లెట్టు కూడ బరువే, అదీ తాగేదే, అది ఎలా బతికింది?" అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నయే. 1955లో మద్రాసులో మొదలైన ఆ బండికి తొలి నుండి సైన్యం కొనుగోలుదారు. సుత్తి, పానా పట్టగల ప్రతివాడూ దానికి వైద్యుడే. అది మెల్లగా పోయినా అందంగానే ఉంటుంది. అయినా దానికీ గడ్డుకాలం వచ్చింది. 1994లో ఐషర్‌వారి చేతికి వచ్చి, ఆ తరువాత నిలదొక్కుకున్నది. చెప్పవచ్చినదేమనగా, డబ్బు పెట్టి కొనేవాడు ఉన్నంతకాలం వస్తువు బతుకుతుంది. పొగిడేవాడు ఎందరున్నా దానికి ఒరిగేది లేదు.

ఈ మాట బళ్ళకే పరిమితం కాదు గనుకనే ఇంత ఘాటుగా రాస్తున్నాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో నెలకొల్పిన 'భారతి' 1991లో ఆగిపోయింది. దానిని తలుచుకుని కంటతడి పెట్టని తెలుగు పండితుడు లేడు. నేనూ పెట్టాను. విద్యార్థిగా గ్రంథాలయంలో చదివాను. ఉద్యోగం వచ్చాక ఒక్క ఏడైనా చందా కట్టానా అంటే, కట్టలేదు. అక్కడ తెల్లదోమ అనే సాకు కూడ నాకు లేదు.

కనుక వాక్యాన్ని ఇలా దిద్దుతున్నాను: "మనము ఆ బండిని మెచ్చుకుంటూ కొనడం మానివేసితిమి." కర్త, క్రియ రెండూ కుదిరాయి. ఇది చదివి మా బావమరిది నాలుగు రోజులు అలుగుతాడని తెలుసు. నాతో ఏకీభవించనివారు నిస్సంకోచంగా ఖండించవచ్చు. సంవత్సరాలు మాత్రం చూసుకుని రాయండి.

స్వస్తి.