పట్నం చూసిరావాలంటే ఎంత? ‘ఫ్రీ బస్సు’ తర్వాత సిద్దిపేట కుటుంబం లెక్క

సెలవులు వస్తే సిద్దిపేటలో పిల్లలు అడిగే మాట ఒకటే: పట్నం పోదాం, చార్మినార్ చూద్దాం. దూరం సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి రావచ్చు. పైగా ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. అయినా నెల జీతం మీదో, రోజు కూలీ మీదో బతికే ఇంట్లో ఈ ప్రయాణం ‘వచ్చే సెలవుల్లో చూద్దాం’ అని వాయిదా పడుతూనే ఉంటుంది.

ఫ్రీ బస్సుతో ఎంత మిగులుతోంది? మిగతా డబ్బు ఎక్కడ పోతోంది? తల్లి, తండ్రి, 13 ఏళ్ల కొడుకు, 10 ఏళ్ల బిడ్డ ఉన్న కుటుంబాన్ని తీసుకుని లెక్క వేద్దాం.

ఏ బస్సులో ఫ్రీ?

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, హైదరాబాద్‌లోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణకు చెందిన మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు జీరో టికెట్‌తో వెళ్లవచ్చు. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని బస్సులకు ఇది వర్తించదు. అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ చూపించాలి. పాన్ కార్డులో అడ్రస్ ఉండదు కాబట్టి అది పనికిరాదు.

అంటే మన కుటుంబం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు టికెట్లే కొనాలి. ఆర్టీసీలో 5 నుంచి 12 ఏళ్ల వరకే హాఫ్ టికెట్. కొడుక్కి 13 దాటాయి కాబట్టి తండ్రితో సమానంగా ఫుల్ టికెటే. లెక్క సులువు కోసం ఎక్స్‌ప్రెస్ ఫుల్ టికెట్ 150 రూపాయలు అనుకుందాం. ఇద్దరికి, రానుపోను 600.

అదే తొందరగా పోవచ్చని సూపర్ లగ్జరీ ఎక్కితే తల్లికి కూడా ఫుల్ టికెట్, బిడ్డకు హాఫ్. టికెట్ 200 అనుకుంటే మూడున్నర టికెట్లకు రానుపోను 1,400. ఒక్క బస్సు మార్పుతో 800 రూపాయల తేడా. పండగ రోజుల్లో ఇంకో సంగతి: 2003 నాటి జీవో 16 ప్రకారం స్పెషల్ బస్సుల్లో ఆర్టీసీ ఒకటిన్నర రెట్ల వరకు ఛార్జీ తీసుకోవచ్చు. రెగ్యులర్ సర్వీసులకు ఇది ఉండదు. ఎక్కేముందు బోర్డు మీద ‘స్పెషల్’ అని ఉందేమో చూసుకోవాలి.

రైలు సంగతి?

సిద్దిపేట–సికింద్రాబాద్ రైలు 2023 అక్టోబర్ 3న మొదలైంది. గజ్వేల్, మనోహరాబాద్ మీదుగా చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి రాజీవ్ రహదారి మీద బస్సు కంటే ఎక్కువ సమయం పడుతుంది. రైలులో జీరో టికెట్ లేదు, నలుగురూ టికెట్ కొనాలి. మగవాళ్లు ఎక్కువగా ఉన్న బృందానికి రైలు కలిసొస్తుంది, ఆడవాళ్లు ఎక్కువగా ఉంటే బస్సే నయం. సికింద్రాబాద్ స్టేషన్‌ పునర్నిర్మాణం చేపట్టినందున ఆ రోజు రైలు ఎక్కడి వరకు పోతుందో ముందే చూసుకోవాలి.

జేబీఎస్‌లో దిగాక

అసలు ఖర్చు ఇక్కడ మొదలవుతుంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ వరకు మెట్రో 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. ట్రాఫిక్ బాధ ఉండదు, పిల్లలకు సరదా. కానీ అక్కడ జీరో టికెట్ లేదు, హాఫ్ టికెట్ కూడా లేదు. 2025 మేలో సవరించాక మెట్రో ఛార్జీ కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు. ఎంత దూరమైనా నాలుగు టికెట్లు తప్పవు. పైగా మెట్రో చార్మినార్‌కు పోదు, గోల్కొండకూ పోదు. పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్టకు తలపెట్టిన ఏడున్నర కిలోమీటర్ల మార్గం ఇంకా పూర్తి కాలేదు. ఎంజీబీఎస్‌లో దిగి మళ్లీ ఆటో మాట్లాడుకోవాలి.

సిటీ బస్సులోనైతే తల్లీబిడ్డలకు ఇక్కడా ఫ్రీ. సికింద్రాబాద్ నుంచి చార్మినార్ వైపు బస్సులు దొరుకుతాయి. రోజంతా నాలుగు బస్సులు మారతారని, సగటు టికెట్ 30 అని అనుకుంటే తండ్రీకొడుకులకు 240 రూపాయలు.

ఒకప్పుడు ఇలాంటి ప్రయాణం కోసమే ఆర్టీసీ ఎఫ్-24 అనే ఫ్యామిలీ టికెట్ తెచ్చింది. వారాంతాల్లో, సెలవు రోజుల్లో నలుగురు 300 రూపాయలకు సిటీ అంతా తిరగొచ్చు. మహాలక్ష్మి మొదలయ్యాక జీరో టికెట్లు ఇవ్వడంతోనే కండక్టర్లకు సమయం సరిపోవడం లేదంటూ 2024 జనవరి 1 నుంచి దాన్ని, టీ-6 టికెట్‌ను ఆపేశారు. ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక ఆ టికెట్ అవసరం కొంత తగ్గిన మాట నిజమే. కానీ ఇద్దరు ముగ్గురు మగపిల్లలున్న ఇంటికి, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన చుట్టాలకు ఉన్న వెసులుబాటు పోయింది.

ఆటో లెక్క

హైదరాబాద్‌లో 2014లో ఖరారు చేసిన మీటరు రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11. ఈ లెక్కన చార్మినార్ నుంచి తొమ్మిది కిలోమీటర్ల ప్రయాణానికి సుమారు 100 రూపాయలు కావాలి. ఆ రేటుకు ఈ రోజు ఆటో దొరకదు. గ్యాస్, కిరాయి, కిస్తీలు పెరిగిన డ్రైవర్‌కు అది గిట్టుబాటూ కాదు. మీటరు రేటు కాగితం మీద మిగిలిపోతే బేరం ఒక్కటే దారి, బేరంలో ఊరు కొత్తయినవాడే నష్టపోతాడు. రోజుకు రెండు ఆటోలు, ఒక్కోటి 150 అనుకుంటే 300 పక్కన పెట్టుకోవాలి.

ఎంట్రీ టికెట్లు: పిల్లాడు ఎక్కడ పిల్లాడు?

చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. 2018 నుంచి ఒక్కో చోట టికెట్ 25 రూపాయలు. ఆన్‌లైన్‌లో కొంటే 5 తగ్గుతుంది. 15 ఏళ్ల లోపు పిల్లలకు ఫ్రీ. బస్సులో ఫుల్ టికెట్ కొన్న 13 ఏళ్ల కొడుకు చార్మినార్ దగ్గర మళ్లీ పిల్లాడే. మెట్రోలో వయసు కాదు, ఎత్తు చూస్తారు. ఒక్కో సంస్థది ఒక్కో లెక్క కాబట్టి పిల్లల ఆధార్ కార్డులు వెంట ఉంచుకుంటే వాదన తప్పుతుంది.

మన కుటుంబానికి ఈ రెండు చోట్లా కలిపి నూరు రూపాయలే. ప్రపంచ వారసత్వ దినమైన ఏప్రిల్ 18న, వారసత్వ వారోత్సవాలు మొదలయ్యే నవంబర్ 19న పురావస్తు శాఖ ఈ టికెట్ కూడా మాఫీ చేస్తుంటుంది.

జూపార్కు సంగతి వేరు. 2025 మార్చి నుంచి పెద్దలకు 100, పిల్లలకు 50. నలుగురికి కనీసం 300, లోపల బ్యాటరీ బండి ఎక్కితే అదనం. ఒక్క రోజులో కోట, చార్మినార్, జూ మూడూ కుదరవు. రెండింటితో సరిపెట్టుకుంటే డబ్బుతోపాటు కాళ్లూ మిగులుతాయి.

ఏ రోజు పోతున్నామన్నదీ చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకు సోమవారం సెలవు. తెలియక పోతే ఆటో డబ్బులు దండగ.

మొత్తం ఎంత?

- సిద్దిపేట–జేబీఎస్ ఎక్స్‌ప్రెస్, రానుపోను: 600
- సిటీ బస్సులు: 240
- ఆటోలు: 300
- చార్మినార్, గోల్కొండ టికెట్లు: 100
- భోజనం, మనిషికి 200 చొప్పున: 800
- చాయ్, నీళ్లు, పిల్లల చిరుతిండి: 150
- మొత్తం: 2,190 రూపాయలు

బస్సు, ఆటో, తిండి రేట్లు మనం అనుకున్నవి. మీ ప్రయాణానికి అసలు రేట్లు వేసుకోండి. అయితే దామాషా పెద్దగా మారదు. మహాలక్ష్మి లేకపోతే తల్లికి ఫుల్, బిడ్డకు హాఫ్ టికెట్ కింద దారి ఖర్చు 450, సిటీలో 180, కలిపి 630 రూపాయలు అదనంగా అయ్యేది. అంటే 2,820 రూపాయల ప్రయాణంలో ఫ్రీ బస్సు ఐదో వంతుకు కాస్త ఎక్కువే మిగిల్చింది. కూలీ చేసుకునే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

మరోవైపు చూడండి. ఖర్చులో సగానికి పైగా, అంటే 1,250 రూపాయలు ఆటోకు, తిండికే పోతోంది. కట్టడాల టికెట్ల వాటా ఐదు శాతం కూడా లేదు. చార్మినార్ టికెట్ తగ్గించినా సామాన్యుడికి ఒరిగేది తక్కువ. దిగిన చోటు నుంచి చూడాల్సిన చోటుకు చేర్చే బస్సు ఉంటేనే లాభం.

ఎక్కడ తగ్గించుకోవచ్చు?

సద్ది కట్టుకుని పోతే భోజనం ఖర్చులో సగం తగ్గుతుంది. పులిహోర, చపాతీలు సాయంత్రం దాకా ఆగుతాయి. పొద్దున తొలి బస్సుల్లో పోతే సీటు దొరికే అవకాశం ఎక్కువ. ముందు గోల్కొండ, తర్వాత చార్మినార్ పెట్టుకుంటే ఎండ ముదరకముందే కోట మెట్లు ఎక్కేయొచ్చు, సాయంత్రం పాతబస్తీ నుంచి సికింద్రాబాద్ బస్సు పట్టుకోవచ్చు. కోటలో సౌండ్ అండ్ లైట్ షో చూడాలనుకుంటే మాత్రం జేబీఎస్‌లో సిద్దిపేటకు రాత్రి చివరి ఎక్స్‌ప్రెస్ ఎన్నింటికో పొద్దున దిగినప్పుడే అడగండి. అది తప్పితే సూపర్ లగ్జరీయో, లాడ్జీయో దిక్కు, అప్పుడు వేసుకున్న లెక్కంతా తలకిందులవుతుంది.

సర్కారు చేయగలిగిందీ ఉంది. జిల్లాల బస్సులు దిగే జేబీఎస్, ఎంజీబీఎస్ నుంచి సెలవు రోజుల్లో చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ చుట్టి వచ్చే ఎక్స్‌ప్రెస్ స్థాయి బస్సులు నడిపితే ఆడవాళ్లకు జీరో టికెట్ చెల్లుతుంది, మగవాళ్లు ఒక్క టికెట్‌తో రోజంతా తిరగొచ్చు. ఆపేసిన ఫ్యామిలీ టికెట్‌ను కండక్టర్‌తో పని లేకుండా ఫోన్‌లోనో, బస్టాండ్ కౌంటర్‌లోనో అమ్మవచ్చు. మహాలక్ష్మి సిద్దిపేట తల్లిని జేబీఎస్ దాకా ఫ్రీగా తెచ్చింది. అక్కడి నుంచి చార్మినార్ దాకా ఆమె కుటుంబం ఇప్పటికీ ఆటో బేరం మీదే ఆధారపడుతోంది.