ఇంటి పాటలను దాచుకొను తీరు

మంత్రాలయమున 1671లో బృందావనస్థులైన రాఘవేంద్రస్వామివారు వీణావిద్యయందు నిపుణులని ప్రతీతి. ఆ నాదమును వినుభాగ్యము మనకు లేదు. ఆనాడు ధ్వనిని నిలుపు సాధనమే లేదు. మన అవ్వతాతల కాలమునకు కాసెట్టు వచ్చినది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందు దాసపదములు, భజనకీర్తనలు, నాటకపద్యములు ఇంటివారు పాడగా నింపుకొన్న కాసెట్లు ఇంకను పెట్టెలలో నున్నవి. వానిని డిజిటల్ ఫైళ్లుగా మార్చుకొనుట యుక్తమే. కాని ఏ రూపమున దాచవలెనను విషయమును పలువురు తేలికగా చూచుచున్నారని మా యభిప్రాయము.

మే మెరిగిన యొక యింట, అవ్వ పాడిన దాసపదముల కాసెట్టును ఫోనులో చోటు కలిసివచ్చునని మిక్కిలి చిన్న ఎంపీ3గా మార్చి, అసలు కాసెట్టును పారవైచిరి. ఇప్పుడు తాళముల మ్రోత ఇసుక రాలినట్లు వినబడుచున్నది. అవ్వయు లేదు; కాసెట్టును లేదు.

ఇట్లేల జరిగెను? వేవ్ ఫైలు విప్పిపోసిన ప్రత్తివంటిది. కాంపాక్టు డిస్కు ప్రమాణమున సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి వ్రాయుటచే, గంట పాటకు సుమారు 635 మెగాబైట్లు పట్టును. 2001లో వెలువడిన ఫ్లాక్ ఆదోని ప్రెస్సులో బిగించిన బేలువంటిది. చోటు చాల తగ్గును. విప్పినచో పోగొక్కటియు తగ్గదు. ఎంపీ3 అట్టిది కాదు. చెవి గమనింపదని తోచిన ధ్వనులను తీసివేసి తూకము తగ్గించును. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున గంట పాట 58 మెగాబైట్లలో ఇమిడిపోవును. తీసివేసినది మరల రాదు. దానిని తిరిగి ఫ్లాకుగా మార్చినను బేలు పెద్దదగునే గాని ప్రత్తి పెరుగదు.

“320 కిలోబిట్ల ఎంపీ3కిని అసలునకును భేద మెవరికి తెలియును?” అని కొంద రందురు. నిజమే, వినుటకు అది చాలును. కాని వినుట వేరు, దాచుట వేరు. రేపు హోరు తగ్గింపవలసినను, మరియొక రూపమునకు మార్చవలసినను, ఎంపీ3నుండి ఎంపీ3 చేసిన ప్రతిమారును నష్టముపై నష్టము చేరును. రైతు తిండిగింజలను పిండి పట్టించును గాని విత్తనపు గింజలను ముట్టడు.

చోటు చాలదను మాటయు నిలువదు. ఒక టెరాబైటు డిస్కులో వేవ్ రూపముననే సుమారు 1,500 గంటల పాట పట్టును. ఫ్లాకైన నింకను హెచ్చు.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో ఇంటి కాసెట్టు నొక్కదానినైనను ఫ్లాకుగా నెక్కింపుడు. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము పెద్దల నడిగి ఆ ఫైలుననే వ్రాయుడు. ఒక ప్రతి ఇంటను, మరియొకటి బంధువుల యింటను ఉంచుడు. ఫోనులో వినుటకు దానినుండి ఎంపీ3 తీసికొనుడు. అసలు కాసెట్టును మాత్రము పారవేయకుడు. తలిదండ్రులారా, ఆ పెట్టెను అటకమీదినుండి దింపి పిల్లల చేతి కిండు. పాడిన గొంతుకను మరల తేలేము. పాడిన పాటనైనను చెడకుండ నిలుపుకొందము.