రింగో పాట తీసేస్తే ఆల్బమ్ బాగుపడుతుందా? (మన 34 పాటల లిస్టు గురించి)

పోస్టు పొడుగే. పోయిన వారం 12 పాటల లిస్టు కింద బొటనవేలు గుర్తు పెట్టినవాళ్ళు మాత్రం ఆఖరు దాకా చదవాల.

గ్రూపులోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. రెండు ఎండాకాలాలు మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల తండాలు, ఎరుకల కాలనీలు, యానాది కాలనీలు తిరిగి ఫోన్లలో పాటలు రికార్డు చేసినాము. మొత్తం 34. సుగాలీ పాటలు 19, ఎరుకల పాటలు 9, యానాది పాటలు 6. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి పెన్ డ్రైవుల్లో వేసి మూడు ఊళ్ళ హాస్టళ్ళకూ ఇవ్వాలని అనుకున్నది. పోయిన వారం రాత్రి 10 గంటలకు ఒక లిస్టు పడింది. 34 పాటలు వినేదానికి ఎవరికీ ఓపిక ఉండదు, మంచివి 12 చాలు, డీజే కొట్టేవి ముందు, నిదానంగా ఉండేవి వెనక అని. పదకొండున్నరకు 'అందరూ ఓకే' అని మూసేసినారు. ఆ 12లో సుగాలీవి 10, ఎరుకలవి 2. యానాదివి సున్నా.

ఒక తమ్ముడు ఏమన్నాడంటే, బీటిల్స్ అంతటోళ్ళ ఆల్బమ్‌నే ఫ్యాన్సు కోసి, వరస మార్చి, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పేర్చుకుంటాండారు, మన పాటలేమన్నా రాజ్యాంగమా అని. రాజ్యాంగాన్ని కూడా మారుస్తారులే తమ్ముడూ, కానీ దానికి సభలో మూడింట రెండొంతుల మంది కావాల, రాత్రి పదకొండున్నరకు మూసేసేది ఉండదు. అది పక్కన పెడదాం. నువ్వు చెప్పిన ఉదాహరణ మాకు నచ్చింది. ఆ ఆల్బమ్ ఏందో, దాని కథేందో చూద్దామని వారమంతా దాన్నే విన్నాము. విన్నాక తెలిసింది, ఆ ఉదాహరణ నీ వైపు లేదు, మా వైపు ఉంది.

1968 నవంబర్ 22న వచ్చింది ఆ ఆల్బమ్. పేరు 'ది బీటిల్స్' అనే, అట్ట తెల్లగా ఉంటుంది కాబట్టి జనం వైట్ ఆల్బమ్ అంటారు. రెండు రికార్డులు, నాలుగు వైపులు, 30 పాటలు, గంటన్నర పైమాటే. చాలా పాటలు ఆ సంవత్సరం మొదట్లో మన రిషీకేశ్‌లో ధ్యానం నేర్చుకునేదానికి వచ్చినప్పుడు రాసుకున్నవి. ఎగుడుదిగుడు ఆల్బమ్, అందులో అబద్ధం లేదు. ఒక పాట గుండె పట్టేస్తుంది, ఆ తర్వాతిది ఏందో పిల్లకాయల ఆట మాదిరి ఉంటుంది. 'రివల్యూషన్ 9' అని ఎనిమిది నిమిషాల శబ్దాల కుప్ప ఒకటుంది, మేము ఆ ఒక్కదాన్ని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేసినాము. వాళ్ళ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ కూడా ఇన్ని వద్దు, బాగుండేవి ఏరి ఒకే రికార్డు చేద్దామనే అన్నాడు. వాళ్ళు వినలేదు. అప్పట్నుంచి ఇప్పటి దాకా యాభై ఏళ్ళకు పైగా ఫ్యాన్సుకు ఇదొక ఆట: నువ్వయితే ఏ పద్నాలుగు ఉంచుతావు, ఏది ముందు పెడతావు? ఆట మంచిదే. మేమూ ఆడినాము. హాస్టల్ మెస్సులో సాంబారు చల్లారిపోయేదాకా కొట్లాడుకున్నాము.

అయితే ఆ ఆటలో మొదట ఎవరి తల తెగుతుందో చూడండి. 30 పాటల్లో 25 జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ పేరు మీద ఉన్నవి. జార్జ్ హారిసన్‌వి 4. డ్రమ్ము వాయించే రింగో స్టార్‌ది 1. మేము చూసిన లిస్టుల్లో 'రివల్యూషన్ 9' తర్వాత కత్తెర పడేది రింగో పాట 'డోంట్ పాస్ మీ బై' మీద, ఆ వెంటనే జార్జ్ పాటలు రెండు మూడింటి మీద. అడిగితే ఏమంటారు? మెరిట్ లేదంటారు. ఈ మాట మనం యాడో విన్నట్టు లేదూ?

ఆ ఆల్బమ్ వరస నిజంగా ఎట్లా పేర్చినారో తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. 1968 అక్టోబర్ 16 సాయంత్రం నుంచి 17 సాయంత్రం దాకా, ఒక పగలూ ఒక రాత్రీ నిద్ర లేకుండా స్టూడియోలో కూర్చుని లెనన్, మెకార్ట్‌నీ, జార్జ్ మార్టిన్ పేర్చినారు. జార్జ్ హారిసన్ అప్పటికి అమెరికాకు బయలుదేరినాడు. రింగో ఇంటోళ్ళతో సార్డీనియా దీవికి పోయినాడు. అంటే నలుగురిలో ఇద్దరు ఆ గదిలో లేరు. లేనోళ్ళ పాటలు తీసేసుంటే అడిగే నాథుడు లేడు. కానీ వాళ్ళేం చేసినారు? నాలుగు వైపులుంటే వైపుకొకటి చొప్పున జార్జ్ పాట పెట్టినారు. మొదటి వైపు 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్', రెండో వైపు 'పిగ్గీస్', మూడో వైపు 'లాంగ్, లాంగ్, లాంగ్', నాలుగో వైపు 'సవాయ్ ట్రఫుల్'. రింగో పాటకు రెండో వైపు చోటిచ్చినారు. అంతేగాదు, మొత్తం ఆల్బమ్‌లో ఆఖరున వినపడే గొంతు రింగోదే. 'గుడ్ నైట్' అని లెనన్ తన కొడుకు కోసం రాసిన జోలపాట, రింగో చేత పాడించి, ఆ ఎనిమిది నిమిషాల రచ్చ అయిపోయినాక దాన్ని పెట్టినారు.

మా భాషలో దీన్ని రిజర్వేషన్ అంటారు. రోస్టరు అన్నా సరే.

వాళ్ళేదో మహాత్ములని చెప్పటంలేదు. అదే సంవత్సరం ఆగస్టులో రింగో తనకు విలువ లేదనిపించి బ్యాండు వదిలేసి పోయినాడు, రెండు వారాలు రాలేదు. ఆల్బమ్‌లో మొదటి రెండు పాటల్లో డ్రమ్ము వాయించింది అందుకే రింగో కాదు. తిరిగొచ్చేసరికి అతని డ్రమ్ముల మీద పూలు కప్పి పెట్టినారంట. పోయినాక పూలు పెట్టేది మనకూ బాగా తెలుసు.

జార్జ్ కథ అయితే ఇంకా మన కథే. 'వైల్ మై గిటార్' పాట తెచ్చినప్పుడు మిగతావాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ఏం చేసినాడంటే సెప్టెంబర్ 6న బయట నుంచి తన స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్‌ను తోడు తెచ్చుకున్నాడు. బయటి పెద్దమనిషి గిటారు పట్టుకుని కూర్చునేసరికి అందరూ సర్దుకుని బుద్ధిగా వాయించినారు. తండా పిల్లోడు పదిసార్లు చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కదు, అదే మాట ఊర్నుంచి ఒక సారు వచ్చి చెప్తే కుర్చీలేసి వింటారు. చూసినాం గదా.

'నాట్ గిల్టీ' అని ఇంకొక జార్జ్ పాట ఉంది. ఆ ఆల్బమ్ కోసమే వంద టేకులు దాటి చేసినారు, ఆఖరికి పెట్టలేదు. తర్వాతి జనవరిలో 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అనే పాట తెచ్చి బ్యాండు ముందు పెట్టినాడు. రిహార్సలు చేసినారు గానీ ఏ ఆల్బమ్‌లోనూ వేసుకోలేదు. బ్యాండు విడిపోయినాక 1970 నవంబర్‌లో అదే పేరుతో మూడు రికార్డుల ఆల్బమ్ వేసినాడాయన. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఒకటో నంబరుకు పోయింది. లోపల చోటు దొరకని పాటలు ఎన్ని మూటగట్టి పెట్టుకున్నాడో చూడండి. మెరిట్ అనే తక్కెడ ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి తూకం ఉంటాది.

ఇప్పుడు మన లిస్టుకొద్దాం. రాత్రి 10 నుంచి పదకొండున్నర దాకా ఎవరెవరు లేరో మేము లెక్కేసినాము. యానాది పాటలు ఆరింటిలో ఐదు రికార్డు చేసిన తమ్ముడు ఆ టయానికి మదనపల్లె టమోటా మండీలో లారీకి బాక్సులు ఎత్తతా ఉన్నాడు. సీజనులో రాత్రి కూలి దొరికితే వదులుకోలేడు. కుప్పం వైపు ఎరుకల పాటలు తెచ్చిన చెల్లెలు రోజూ రైల్లో బెంగళూరుకు పోయి పనిచేసి వస్తుంది, తెల్లారుజామున లేవాల కాబట్టి తొమ్మిదికే పడుకునింది. ఆ ఇద్దరూ లేని గదిలో మనం పేర్చినాము. లెనన్, మెకార్ట్‌నీ గదిలో లేనోళ్ళకు వైపుకొకటి ఉంచినారు. మనం లేనోళ్ళవే ముందు తీసినాము. ఇది రాస్తున్న మాలో ఎక్కువమంది సుగాలీలమే, అందుకే సిగ్గుగా ఉంది. మైదానం సంఘాల్లో మనల్ని వెనక బెంచీలో కూర్చోబెడితే రచ్చ చేస్తాము గదా, మన ఇంట్లో మనం వెనక బెంచీ వేసి యానాదుల్ని కూర్చోబెట్టినాము.

మండీ తమ్ముడు ఆ పొద్దున లిస్టు చూసి ఒక్క మాట కూడా అనకుండా గ్రూపులోనుంచి పోయినాడు.

సౌండు బాగలేదు అన్నారు. నిజమే, పుంగనూరు వైపు యానాది అవ్వ పాడిన చేపల పాటలో మధ్యలో మేక అరుస్తుంది. అవ్వ ఒకచోట మాట మరిచిపోయి పక్కనున్న ఆమెను అడుగుతుంది, ఆమె నవ్వి అందిస్తుంది, మళ్ళా పాట నడుస్తుంది. ఆ అడిగే చోటే మాకు అన్నిటికంటే ఇష్టం. పాట ఒకరి నోట్లోనుంచి ఇంకొకరి నోట్లోకి పోయేది అక్కడ వినపడుతుంది. మన సుగాలీ ఢావ్లో కూడా నిజం పెండ్లిలో విన్నది ఎవరు? పెండ్లికూతురు అమ్మ మెడ పట్టుకుని ఏడుస్తా పాడుతుంటే గొంతు పూడుకుపోతుంది, మాట సగంలో తెగుతుంది. అది కూడా లిస్టులో లేదు, గమనించినారా? 12లో ఉన్న పది సుగాలీ పాటల్లో ఏడు కీబోర్డు, ప్యాడ్లు వేసి స్టూడియోలో చేసినవి, మనం తిరిగి తెచ్చినవి కూడా కాదు, ఎవరో తర్వాత కలిపినారు. ఒక లంబాడీ చెల్లెలు అడిగింది, మా దాది పాట పోయి డీజే పాట ఎట్లొచ్చిందన్నా అని. జవాబు ఎవరూ చెప్పలేదు.

శుభ్రం చేస్తే ఏం పోతుందో కూడా బీటిల్స్ దగ్గరే ఉంది. 1970లో వాళ్ళ ఆఖరు ఆల్బమ్ 'లెట్ ఇట్ బీ' వచ్చింది. ఫిల్ స్పెక్టర్ దాని మీద వయొలిన్లూ కోరస్సులూ కుమ్మరించినాడని మెకార్ట్‌నీకి కోపం. 2003లో ఆ పైపూతలన్నీ గీకేసి, వరస మార్చి, 'లెట్ ఇట్ బీ... నేకెడ్' అని మళ్ళీ వేసినారు. ఫ్యాన్సు కోరినట్టే అయింది. పాత దాంట్లో ఆఖరున ఉండే 'గెట్ బ్యాక్' ముందుకొచ్చింది, 'లెట్ ఇట్ బీ' ఆఖరుకు పోయింది, 'డోంట్ లెట్ మీ డౌన్' కొత్తగా చేరింది, చాలా పాటలు నిజంగానే బాగుపడినాయి. కానీ తీసేసిన రెండింటిలో ఒకటి 'మ్యాగీ మే'. ముప్పావు నిమిషం కూడా ఉండదు. అది వాళ్ళు రాసింది కాదు, వాళ్ళ ఊరు లివర్‌పూల్‌లో ఓడల వాళ్ళు పాడుకునే జానపదం. ఆల్బమ్ అంతా వెదికినా ఊరి పాట అదొక్కటే. శుభ్రం చేసేటప్పుడు చీపురుకు మొదట తగిలింది ఊరి పాట.

మనం ఉండేది మదనపల్లెలో. పాటను కాగితం మీద కుదించేది ఎట్లుంటుందో ఈ ఊరికి చెప్పాల్సిన పనిలేదు. 1919 ఫిబ్రవరిలో టాగూరు ఇక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడి వినిపించి, ఇక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చినాడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టింది. టాగూరు రాసింది ఐదు చరణాలు. 1950 జనవరి 24న జాతీయగీతంగా తీసుకున్నది మొదటిది ఒక్కటే. మిగతా నాలుగు మనలో ఎంతమందికి వచ్చు? మాకు రావు. ఒక దేశం పొద్దున్నే నిలబడి పాడాల కాబట్టి చిన్నది చేసుకునింది, సరే. ఆ నాలుగు చరణాలు పుస్తకంలోనన్నా ఉన్నాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. చేపల పాటకు పుస్తకం లేదు. ఎరుక చెప్పే పాటకు నోటేషన్ లేదు. పెన్ డ్రైవులో లేకపోతే అది ఒక ఫోన్లో ఉంటుంది, ఆ ఫోను కింద పడేదాకా ఉంటుంది.

వరస మార్చొద్దని మేము అనడంలేదు. మార్చాల. పిల్లకాయలు మొదటి రెండు పాటలు విని ఆపేస్తారన్నారు, అదీ నిజమే. అట్లయితే ముందు ఏది పెడతామన్నదే అసలు అధికారం, దాన్ని డీజేకు ఎందుకు ఇచ్చేది? 34 పాటలు పెన్ డ్రైవుకు ఒక మూలకు కూడా చాలవు, చోటు లేదనే సాకు 1968 రికార్డుకు ఉండొచ్చు, మనకు లేదు. ఓపిక లేదనేవాళ్ళ కోసం వైట్ ఆల్బమ్ మాదిరే నాలుగు భాగాలు చేద్దాం, ఒక్కొక్కటి అరగంట. ప్రతి భాగంలో మూడు తెగల పాటలూ ఉండాల, ఏ భాగమూ ఒకే తెగ పాటలతో మొదలై అదే తెగతో అయిపోగూడదు. స్టూడియో పాటలు ఏడూ బయటికి, కావాల్సినోళ్ళు యూట్యూబులో వింటారు. మొదటి భాగం మొదటి పాట చేపల పాట, మేక అరుపుతో సహా. ఆఖరు పాట ఏదన్నది మాలో మాకే కుదరలేదు. సగం మంది ఢావ్లో అంటాండారు, సగం మంది ఏడుపుతో ముగించొద్దు, బుట్టలల్లుతా పాడిన ఎరుకల పాట పెట్టండి అంటాండారు. దాని మీద కొట్లాడదాం రండి, ఆ కొట్లాట మాకు ఇష్టమే.

మండీ తమ్ముడి ఇంటికి నిన్న ఇద్దరం పోయొచ్చినాము. పెద్దగా మాట్లాడలేదు, టీ ఇచ్చినాడు. ఆరో యానాది పాట ఒకటి సగమే రికార్డయింది, మిగతా సగం తన దగ్గర ఇంకో ఫోన్లో ఉందని మేము లేచేటప్పుడు చెప్పినాడు. గ్రూపులోకి తిరిగి చేర్చినాము.

మళ్ళీ ఓటింగు ఆదివారం పగలు 11 గంటలకు మొదలు, సోమవారం 11 దాకా తెరిచే ఉంటుంది. ఆదివారం కుప్పం చెల్లెలికి రైలు లేదు. మండీ తమ్ముడు 11కల్లా నిద్ర లేచుంటాడు.