పీనసము అదుపులో నున్నదా? చెప్పవలసిన దెవరు?

"ఎట్లా ఉన్నది?" అని డాక్టరుగారు అడుగుదురు. "పరవాలేదండీ" అని మనవారు చెప్పుదురు. ఆయన పాత మందే మరల వ్రాసి యిత్తురు. దీర్ఘకాలపు పీనసము, అనగా నేడందరు సైనసు అనుచున్న జబ్బు, మన యిండ్లలో ఏండ్ల తరబడి తిష్ఠ వేసియుండుటకు ఈ "పరవాలేదు" అను మాట కూడ కొంత కారణమని మా అభిప్రాయము.

ముక్కుదిబ్బడ గాని, చీమిడి గాని 12 వారములు దాటియు విడువక, దానికి మొగము బరువో, నొప్పియో, వాసన తెలియకపోవుటయో తోడైనచో, వైద్యులు ముక్కులోపల గొట్టముతో చూచి గాని, స్కానింగు తీసి గాని ఈ జబ్బును నిర్ధారణ చేయుదురు. ఇది నాలుగు దినములుండి పోవు పడిశము కాదు. చాలమందికి బొత్తిగా వదలదు, అదుపులో నుంచుకొనవలసినదే. మరి అదుపన్నది కొలుచు టెట్లు?

మనవారి కొలత ఒక్కటే: సాంచె ఆగినదా, లేదా? షోలాపూరులో తువాళ్లు నేయు ఒక పెద్దమనిషిని మే మెరుగుదుము. నాలుగేండ్లుగా తనకు పీనసము లేనట్లే యని ఆయన చెప్పుచుండెను. ఏలననగా ఒక్క పాళీ కూడ తప్పలేదు. ప్రక్కనున్న ఆయన యిల్లాలు ఊరకుండలేదు. "గంజి పులిసి యిల్లంతా వాసన కొడుతుంటే ఈయనకు తెలియలేదండీ. రాత్రంతా నోరు తెరిచి గురక. తెల్లవారితే విసుగు" అన్నది. వాసన పోయి ఎన్నాళ్లయినదో ఆయనకే జ్ఞాపకము లేదు. అలవాటు పడిన బాధను మనిషి బాధగా లెక్కింపడు. కాని గ్యాసు పొయ్యి ఉన్న ఇంటిలో వాసన తెలియకుండుట చిన్న సంగతి కాదు.

2020లో ఐరోపా వైద్యులు వెలువరించిన మార్గదర్శకములలో ఇందుకొక లెక్క యున్నది. గడచిన నెలలో దిబ్బడ, చీమిడి, మొగమునొప్పి, వాసన, నిద్ర లేక అలసట ఎట్లున్నవి. లోపలి పొర ఎట్లున్నది. గడచిన ఆరు నెలలలో బిళ్లలతో ప్రత్యేక చికిత్స అవసరమైనదా. ఈ ఏడింటిలో ఏదియు లేనిచో అదుపులో నున్నట్లు. ఒకటి యున్నను సగమే అదుపు. మూడు గాని, అంతకు మించి గాని ఉన్నచో అదుపు తప్పినట్లు. వైద్యుడు తానుగా చూచి తెలిసికొనునది వీనిలో ఒక్కటే యని పాఠకులు గమనింతురు గాక! తక్కినవి రోగి నోటినుండి రావలసినవే. 22 ప్రశ్నలకు సున్న మొదలు 5 వరకు రోగియే మార్కులు వేసికొను పట్టిక యొకటి కూడ వాడుకలో నున్నది. అందులో ముక్కు సంగతులే కాక నిద్ర, పనిలో వెనుకబాటు, మనసు దిగులు కూడ అడుగుదురు.

కొన్ని వేళల ముక్కు లోపల శుభ్రముగా కనబడును, రోగి మాత్రము బాధ యనును. మరికొన్ని వేళల లోపల బుడిపెలుండును, రోగి హాయిగా నున్నా ననును. అట్టిచో ఏ యొక్కరిని అబద్ధీకుని చేయనక్కరలేదు. ఇద్దరు కొలుచునవి వేరు.

ఊరు విడిచి తరములు గడచిన మనకు వేరొక చిక్కు గలదు. ముసలమ్మ తెలుగులో పది మాటలు చెప్పును. వెంట పోయిన మనుమడు మరాఠీలోనో, తమిళములోనో, ఒడియాలోనో రెండు మాటలుగా కుదించి ఆసుపత్రిలో అప్పజెప్పును. "గొంతులోకి జారుతుంది, తెల్లారుజామున ఊపిరాడదు" అన్నది కాస్తా "జలుబు" అయి ఊరకుండును. పిల్లవాని తప్పేమున్నది? వానికి ముందుగా ఎవరు చెప్పిరి?

కావున మేము కోరున దిది. గజాల లెక్క వ్రాయు పుస్తకములోనే వారమున కొక వరుస ముక్కునకు కేటాయింపుడు. దిబ్బడ, చీమిడి, నొప్పి, వాసన, నిద్ర, ఒక్కొక్కదానికి సున్న నుండి 5 వరకు అంకె వేయుడు. పని సెలవునాడు తెరిపి కలిగి, మరునాడు మగ్గము దగ్గర దూదినుసిలో మరల దిబ్బడ పట్టెనా, అదియు వ్రాయుడు. వైద్యునకది మిక్కిలి పనికివచ్చును. అంకె వేయునపుడు ఇంటివారిని కూడ అడుగుడు.

వాడిన మందుల లెక్క దాచరాదు. దుకాణములో కొన్న దిబ్బడ విప్పు చుక్కలు కొద్ది దినములు మించి వాడినచో, ఆ చుక్కలే దిబ్బడ తెచ్చును. ఎప్పుడో వ్రాసిన స్టెరాయిడు బిళ్లల చీటీ చూపి పలుమార్లు కొని మ్రింగి "నాకు తగ్గింది" అనువారు మనలో లేకపోలేదు. అది అదుపు కాదు. ఆ బిళ్లలు ఎముకలకు, రక్తములోని చక్కెరకు చేటు. డాక్టరు చెప్పిన ముక్కు స్ప్రే, కాచి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటి కడుగుడు, ఇవి విసుగు పుట్టించు పనులే, కాని దినదినము చేయవలసినవి.

షోలాపూరు పెద్దమనిషి పుస్తకములో ఇపుడు వరుసలు పడుచున్నవి. వ్రాయునది మాత్రము ఆయన యిల్లాలే. మొదటి వారము వాసన యెదుట ఆమె వేసిన అంకె 5. ఆయన 2 అని దిద్దబోయెనట. ఆమె పుస్తక మీయలేదు.